రాడాన్ తక్కెడకు పాసంగం

పెన్సిల్వేనియాలోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొంటున్న మన పిల్లల్ని కదిలించి చూడండి. గృహప్రవేశం ముహూర్తం కంటే ముందు వాళ్ల నోట వచ్చే మాట రాడాన్, నేలలోంచి ఇంట్లోకి చేరి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెంచే రేడియోధార్మిక వాయువు. బేస్‌మెంట్‌లో రెండు రోజులు ఒక పరికరం పెడతారు. లీటరు గాలికి 4 పికోక్యూరీలకు చేరిందంటే బేరం మళ్లీ మొదలు. పునాది కింద పైపు దించి ఫ్యాను పెట్టించాలి, ఆ ఖర్చు ఎవరిది? పరికరం 4.1 చూపిస్తే కొనేవాడిది పైచెయ్యి, 3.9 చూపిస్తే అమ్మేవాడిది. ఆ రెండంకెల మధ్య తేడా గాలిలో ఉందా, పరికరంలో ఉందా అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

అమెరికాను ఈ భయం పట్టుకోవడానికి కారణం కూడా ఒక పరికరమే. 1984 డిసెంబరులో పెన్సిల్వేనియాలోని లిమెరిక్ అణువిద్యుత్ కేంద్రంలో పనిచేసే స్టాన్లీ వాట్రాస్ అనే ఇంజినీరు మీద రేడియేషన్ అలారాలు మోగాయి. రియాక్టర్ అప్పటికి ఇంకా మొదలే కాలేదు. వెతగ్గా వెతగ్గా రేడియోధార్మికత ఆయన ఇంటి నుంచే ఒంటిమీద వస్తోందని తేలింది. ఇంట్లో కొలిస్తే లీటరుకు దాదాపు 2,700 పికోక్యూరీలు, అంటే ఘనపు మీటరుకు లక్ష బెకరెల్‌లు. అంత ఉన్నప్పుడు పరికరం పది శాతం తప్పినా, యాభై శాతం తప్పినా చెయ్యాల్సిన పని మారదు. చిక్కంతా తక్కువ ఉన్నచోటే.

పాతరోజుల్లో కొట్టుకు వెళ్లిన పెద్దవాళ్లు సరుకు చూడకముందే ఖాళీ తక్కెడ పైకెత్తించేవారు. ముల్లు ఒకవైపు మొగ్గితే రెండోవైపు ఓ చింతగింజో రాయిముక్కో వేయించేవారు. ఆ మొగ్గుకూ, దాన్ని సరిచేసే ముక్కకూ కూడా పాసంగం అనే పేరు. తూనిక రాయిలో తప్పు వేరు, పాసంగం వేరు. రాయి తప్పైతే ఎంత తూచినా అదే నిష్పత్తిలో తప్పుతుంది. పాసంగం తప్పైతే బస్తా బియ్యంలో అది కనిపించదు, తులం బంగారంలో కొంప ముంచుతుంది. రాడాన్ కొలిచే పరికరాల కాలిబ్రేషన్‌లో, మన పాఠ్యపుస్తకాల మాటలో క్రమాంకనంలో, దశాబ్దాల శ్రమ ఎక్కువగా రాయిని సరిచూడటానికే పోయింది. పాసంగం మీద చూపు నిలిచింది ఈమధ్యనే అని నా అభిప్రాయం.

ముందు రాయి సంగతి. కిలో రాయిని బీరువాలో దాచుకోవచ్చు. రాడాన్‌ను దాచుకోలేం. రాడాన్-222 అర్ధాయువు 3.82 రోజులు. ఇవాళ సీసాలో పట్టిన రాడాన్‌లో నెల తిరిగేసరికి అర శాతం కూడా మిగలదు. పైగా ఎవరితోనూ కలవని వాయువు. రసాయనికంగా పట్టుకుని తూచుదామన్నా చిక్కదు. అందుకని ప్రమాణాన్ని దాని తల్లి దగ్గర పెట్టారు. రేడియం-226 అర్ధాయువు 1,600 ఏళ్లు. తెలిసినంత రేడియాన్ని మూతబిగించి ఉంచితే నెల రోజులకు అందులో పుట్టే రాడానూ, నశించే రాడానూ దాదాపు సరిసమానమవుతాయి. తల్లి ఎంతో తెలిస్తే బిడ్డ ఎంతో తెలిసినట్టే.

ఈ లెక్క ఎంత పాతదంటే, క్యూరీ అనే కొలత పుట్టిందే ఇందులోంచి. 1910లో బ్రస్సెల్స్‌లో సమావేశమైన శాస్త్రవేత్తలు ఒక గ్రాము రేడియంతో సమతాస్థితిలో ఉన్న రాడాన్‌ను ఒక క్యూరీ అన్నారు. అప్పటికి రాడాన్ అన్న పేరు కూడా స్థిరపడలేదు, రేడియం వదిలే ‘ఎమనేషన్’ అనేవారు. మరుసటి ఏడు మేరీ క్యూరీ స్వయంగా 21.99 మిల్లీగ్రాముల రేడియం క్లోరైడ్‌ను గాజుగొట్టంలో పెట్టి అంతర్జాతీయ ప్రమాణంగా ఇచ్చారు. ఇంటి అమ్మకం కాగితాల్లో ఇవాళ కనిపించే ‘పికోక్యూరీ’ ఆ పూర్వకాలపు ఇంటిపేరే. మిగతా ప్రపంచం బెకరెల్‌కు మారింది. లీటరుకు ఒక పికోక్యూరీ అంటే ఘనపు మీటరుకు 37 బెకరెల్‌లు. అమెరికా గీత 4 అంటే 148. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో 100 బెకరెల్‌లు మంచిదంది, అది కుదరనిచోట 300 దాటనివ్వొద్దంది. ఐరోపా సమాఖ్య 2013 నాటి ఆదేశంలో సభ్యదేశాలకు గరిష్ఠంగా పెట్టిన గీతా 300 దగ్గరే.

తల్లిని నమ్ముకోవడంలో ఒక లొసుగు ఉంది. రేడియంలో పుట్టిన రాడాన్ అంతా బయటికి రావాలని లేదు. పొడిలోనో పూతలోనో కొంత చిక్కుకుపోతుంది, ఎంత అన్నది తేమను బట్టీ వేడిని బట్టీ మారుతుంది. ఫ్రాన్స్‌లో పికోలో అనే పరిశోధకుడు 1996లో ప్రచురించిన పద్ధతి తల్లి ఊసు లేకుండా బిడ్డనే నేరుగా లెక్కపెట్టింది. రాడాన్ మంచుగడ్డకన్నా ఎంతో చల్లని లోహపు చుక్క మీద గడ్డకడుతుంది. అలా పేరుకున్న చుక్క ఎదురుగా, కొలతలు కచ్చితంగా తెలిసిన చిన్న కిటికీ గుండా దూసుకొచ్చే ఆల్ఫా కణాలను లెక్కపెడతారు. కిటికీ మొత్తం గోళంలో ఎన్నో వంతో జ్యామితి చెబుతుంది కాబట్టి మరో ప్రమాణంతో పనిలేదు. అనిశ్చితి ఒక శాతం లోపే. జర్మనీ జాతీయ ప్రమాణాల సంస్థ పీటీబీ, స్విట్జర్లాండ్ లోసాన్‌లోని ప్రయోగశాల కూడా ఈ దారే పట్టాయి. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా అందంగా అనిపించే పని ఇదే. పట్టు చిక్కని వాయువును ఘడియసేపు రాయిగా మార్చి తూచడం!

అక్కడి నుంచి మెట్లు దిగాలి. జాతీయ ప్రమాణంతో ఒక మంచి పరికరాన్ని సరిచూస్తారు. చాలాచోట్ల ఆ పని జర్మనీలో పుట్టిన ఆల్ఫాగార్డ్ అనే అయనీకరణ గది పరికరానిది. దాన్ని పట్టుకెళ్లి ప్రాంతీయ ప్రయోగశాలల ఛాంబర్లలో పెడతారు. ఆ ఛాంబర్‌లో మామూలు పరికరాలను సరిచూస్తారు. ఇంటి బేస్‌మెంట్‌కు వచ్చే పరికరం ఈ మెట్లలో ఏ మూడోదో నాలుగోదో. మెట్టు దిగినకొద్దీ అనిశ్చితి పెరుగుతుందే గాని తగ్గదు.

ఛాంబర్ అంటే ఒక గాలి చొరని గది. ఘనపు మీటరు గదిలో వెయ్యి బెకరెల్‌ల రేడియం పెట్టి, రాడాన్ పూర్తిగా బయటికొచ్చేలా చూసి మూసేస్తే, నెలకు లోపల గాలి ఘనపు మీటరుకు వెయ్యి బెకరెల్‌ల దగ్గర స్థిరపడుతుంది. చెప్పడానికి ఇంతే. తలుపు రబ్బరులో సన్నని లీకున్నా లెక్క చెడుతుంది. రాడాన్ ప్లాస్టిక్‌లో ఇంకుతుంది, తర్వాత తీరిగ్గా బయటికొస్తుంది. రాడాన్ సంతతి అయిన పొలోనియం, సీసం, బిస్మత్ పరమాణువులు గాలిలోని ధూళికి అంటుకుంటాయి, ధూళి లేకపోతే గోడలకు అంటుకుంటాయి. అందుకే సంతతిని కొలిచే పరికరాల కోసం ఛాంబర్‌లో మైనపు పొగలాంటి కృత్రిమ ధూళిని కూడా నింపుతారు. ఇళ్లలో రాడాన్‌కూ సంతతికీ మధ్య నిష్పత్తి సగటున 0.4 అని ఐక్యరాజ్య సమితి శాస్త్రసంఘం లెక్క. ఛాంబర్‌లో దాన్ని కావాలనుకున్నచోట నిలపాలి. అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం 61577 అనే ప్రమాణంలో ఇలాంటి పరీక్షా వాతావరణాలకే ఒక భాగం రాసిపెట్టింది.

ఇక పరికరాల గుణగణాలు. అన్నిటికీ సమానంగా చోటివ్వను, ఎందుకంటే కాలిబ్రేషన్‌ను ఏడిపించేవి కొన్నే.

సిలికాన్ పరికరాల్లో అమెరికా తయారీ రాడ్-7 పేరున్నది. ముప్పాతిక లీటరుకు కొంచెం తక్కువ డొల్లలో అధిక వోల్టేజీ పెట్టి, రాడాన్ నశించగానే పుట్టే ధనావేశపు పొలోనియం-218 ను సిలికాన్ పలక మీదికి లాగుతుంది. గాలిలో తేమ ఉంటే ఆ ఆవేశం దారిలోనే పోతుంది, పొలోనియం పలకకు చేరదు. అందుకే లోపలి తేమ పది శాతం లోపు ఉండాలంటారు. గాలిని ముందు నీలం గింజల గొట్టం గుండా పంపుతారు. ఆ గింజలు తేమ తాగి గులాబీ రంగుకు తిరిగితే మార్చాల్సిందే. విశాఖ లాంటి ఊళ్లో వానాకాలం కొలిచేవాడు పరికరం కన్నా గింజల మీదే ఎక్కువ కన్నేసి ఉంచాలి. పొడి ఛాంబర్‌లో ఇచ్చిన సర్టిఫికెట్‌లో ఈ బాధ కనపడదు.

రాడాన్‌ను పట్టుకునే బొగ్గు నింపి ఇంట్లో తెరిచిపెట్టే డబ్బాల కథా తేమ కథే. రాడాన్ కూర్చునే రంధ్రాల్లో నీటి ఆవిరి ముందే చోటు ఆక్రమిస్తుంది. అందుకని డబ్బాను పెట్టేముందూ తీశాకా తూచి, పెరిగిన బరువును బట్టి సవరణ గీతలోంచి గుణకం తీస్తారు. బొగ్గు పట్టిన రాడాన్ మళ్లీ వదులుతుంది కూడా. మూడు రోజులు పెడితే చివరి రోజు గాలికే లెక్కలో ఎక్కువ వాటా.

ఎలెక్ట్రెట్ పద్ధతికి మన దేశంతో చుట్టరికం ఉంది. భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేసి అమెరికా వెళ్లిన పయసద కోట్రప్ప 1980లలో దీన్ని ఇళ్ల కొలతకు పనికొచ్చే పరికరంగా మలిచారు. ఆవేశం ఎక్కించిన టెఫ్లాన్ బిళ్ల ఒక చిన్న గదిలో కూర్చుంటుంది. రాడాన్ చేసే అయనీకరణ వల్ల బిళ్ల వోల్టేజీ పడుతుంది, ఎంత పడిందో చూసి రాడాన్ లెక్క కడతారు. ఎంత చౌక, ఎంత సులువు! కాని గోడల్లోంచి వచ్చే గామా కిరణాలూ ఆ వోల్టేజీని దించుతాయి. గ్రానైట్ నేల ఉన్నచోట గామా విడిగా కొలిచి తీసెయ్యకపోతే, రాడాన్ లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది. అచ్చమైన పాసంగం. ఎత్తు ప్రాంతాల్లో గాలి పలచబడితే ఆల్ఫా కణం గోడకు తగిలేలోపు అయనీకరించే గాలి తగ్గుతుంది. డెన్వర్ లాంటి ఊళ్లలో అందుకు మరో సవరణ.

మన విశ్వవిద్యాలయాల్లో ఎక్కువ వాడినవి జాడల ఫిల్ములు. సీఆర్-39 అనే కళ్లద్దాల ప్లాస్టిక్ ఒకటి, ఎల్ఆర్-115 అనే ఎర్రటి సెల్యులోజ్ నైట్రేట్ ఫిల్ము ఇంకొకటి. ఆల్ఫా కణం దూరినచోట కంటికి కనపడని గాయం. కాస్టిక్ సోడాలో వేస్తే అది గుంటగా తేలుతుంది, గుంటల్ని లెక్కపెట్టాలి. ఎల్ఆర్-115లో స్పందించే పొర 12 మైక్రాన్లే. కాస్టిక్ ఎంత పొర తిన్నది అన్నదాన్ని బట్టి రంధ్రాల సంఖ్య బాగా మారుతుంది. సోడా వేడి ఒకట్రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా, ద్రావణం పాతబడినా లెక్క మారుతుందన్నమాట. ఒక ప్రయోగశాలలో తేల్చిన గుణకాన్ని ఇంకో ప్రయోగశాల తన తొట్టికి అరువు తెచ్చుకోవడం అందుకే నాకు మింగుడుపడదు. ఫిల్ము కొన్న బ్యాచికి ఒకసారైనా తన తొట్టిలో, తన మనిషి లెక్కతో గుణకం తేల్చుకోవాలి.

ఫిల్ముల కాలిబ్రేషన్‌లో ఒక నమ్మకం దాగి ఉంది. ఇంట్లో ఘనపు మీటరుకు 100 బెకరెల్‌లు, 90 రోజులు పెడితే మొత్తం 216 కిలోబెకరెల్-గంటలు. ఛాంబర్‌లో 3,000 బెకరెల్‌లు పెడితే మూడు రోజుల్లోనే ఆ 216 వచ్చేస్తుంది. రెండూ ఒకటేనని అందరం ఒప్పుకుంటాం. కాని మూడు నెలల ఎండకూ ఉక్కకూ ఫిల్ము ముసలిదవుతుంది, స్పందన కొంత తగ్గుతుంది. మూడు రోజుల ఛాంబర్‌కు ఆ వార్ధక్యం తెలియదు.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వచ్చాం. రేడియోధార్మికతను కొలవడమంటే లెక్కపెట్టడం, లెక్కలో ఊగిసలాట సంఖ్య వర్గమూలమంత ఉంటుంది. రాడ్-7 నే తీసుకుందాం. మామూలు పద్ధతిలో లీటరుకు ఒక పికోక్యూరీ ఉంటే దానికి నిమిషానికి సుమారు అర కౌంటు. ఛాంబర్‌లో 4,000 బెకరెల్‌లు పెడితే గంటకు మూడు వేల పైచిలుకు కౌంట్లు వస్తాయి, ఊగిసలాట రెండు శాతం లోపే. అదే పరికరం 100 బెకరెల్‌ల ఇంట్లో గంటకు ఎనభై కౌంట్లు చూస్తుంది, ఊగిసలాట పదకొండు శాతం. ఆపైన పాసంగం. రాడాన్ లేకున్నా పరికరం 15 బెకరెల్‌లు చూపిస్తోందనుకోండి. 4,000 దగ్గర అది అర శాతానికి కూడా చేరదు, ఎవరికీ కనపడదు. 100 దగ్గర అదే పదిహేను శాతం. ఎక్కువ గాఢతలో ఒకే బిందువు దగ్గర చేసే కాలిబ్రేషన్ రాయిని సరిచూస్తుంది, పాసంగాన్ని చూడదు. తీర్పులన్నీ జరిగేదేమో 100 నుంచి 300 మధ్య.

తక్కువ గాఢతలో కాలిబ్రేషన్ చెయ్యొచ్చు కదా అంటే, చెయ్యడం కష్టం. కౌంట్లు చాలాలంటే రోజుల తరబడి ఛాంబర్‌ను కదలకుండా నిలపాలి. మూసిన గదిలో రాడాన్ ఆ రోజుల్లోనే కరిగిపోతుంది. నశించినంత మళ్లీ పుట్టించే నికరమైన వనరు కావాలి. బయటి గాలిని లోపలికి పంపితే అందులోనే ఐదూ పదీ బెకరెల్‌లు ఉంటాయి. సున్నా చూడాలంటే సిలిండర్‌లో నెలకు పైగా ముగ్గిన గాలో నైట్రోజనో కావాలి. ఐరోపాలో 2017 నుంచి 2020 వరకు ఆస్ట్రియా ప్రమాణాల సంస్థ నాయకత్వాన నడిచిన మెట్రోరాడాన్ అనే ఉమ్మడి ప్రాజెక్టు నేరుగా ఈ ముడిమీదే కూర్చుంది: 100 నుంచి 300 మధ్య, రోజుల తరబడి స్థిరంగా ఉండే రాడాన్ గాలి, జాతీయ ప్రమాణాలకు గొలుసు తెగకుండా. చట్టంలో 300 అని గీత గీసి నాలుగేళ్లయ్యాక ఆ గీత దగ్గర తక్కెడ సరిచూసే పని పెద్ద ఎత్తున మొదలైందన్నమాట. ముందు గీత, తర్వాత తక్కెడ! ఇది ఐరోపాకే చెల్లిన తొందరపాటు కాదు గాని, చెప్పుకోదగ్గదే.

రెండో ముడి థోరాన్. ఇది మనకు దగ్గరి చుట్టం. థోరియం సంతతిలో పుట్టే రాడాన్-220 ని థోరాన్ అంటారు, అర్ధాయువు 55.6 సెకన్లు. గోడ దగ్గర ఉంటుంది, గది మధ్యకు వచ్చేసరికి చాలావరకు చచ్చిపోతుంది. రాడాన్ పరికరం దీన్ని కూడా కొంత మింగి, రాడాన్‌గా కక్కుతుంది. చైనాలో మెత్తటి పసుపు మట్టి పీఠభూమిలో తొలిచిన గుహల ఇళ్లలో రాడాన్‌కూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధం వెతికారు. తర్వాత జపాన్ శాస్త్రవేత్త టోకోనామి బృందం అలాంటి గుహల ఇళ్లలో థోరాన్‌ను విడదీసి కొలిస్తే, అది దండిగా ఉందని తేలింది. పాత కొలతల్లో రాడాన్ ఎంత, థోరాన్ ఎంత అన్న అనుమానం అలా మొదలైంది. ఎన్నేళ్ల శ్రమ, ఎన్ని వందల మంది రోగుల వివరాలు! అన్నిటికీ మూలం పరికరపు నోరు ఎంత వెడల్పన్న ప్రశ్న.

కేరళ తీరంలోలాగే మన భీమిలి ఇసుకలోనూ మోనజైట్ ఉంది. మోనజైట్ అంటే థోరియం. హైదరాబాద్ చుట్టూ గ్రానైట్. నల్గొండలో లంబాపూర్-పెద్దగట్టు, కడపలో తుమ్మలపల్లె యురేనియం నిక్షేపాలు. ఉస్మానియా భౌతికశాస్త్ర విభాగం వాళ్లు ఈ ప్రాంతాల ఇళ్లలో ఫిల్ములు వేలాడదీసి చాలా ఏళ్లు కొలిచారు. వాడినవి ఎక్కువగా భాభా కేంద్రంలో రూపుదిద్దుకున్న జంట కప్పుల డొసిమీటర్లు. ఒక కప్పులోకి రాడాన్, థోరాన్ రెండూ వస్తాయి. రెండోదానికి అడ్డుపొర ఉంటుంది, అది దాటేలోపు థోరాన్ నశిస్తుంది. ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసివేస్తే థోరాన్. సూత్రం చక్కనిది. కాని రెండు కప్పులకూ రెండు వేర్వేరు నోళ్లు. సీలింగ్ ఫ్యాను తిరిగే మన గదుల్లో రెండు నోళ్లకూ ఒకే గాలి అందుతుందా? భాభా కేంద్రం తర్వాత తెచ్చిన సూదిబెజ్జాల డొసిమీటరులో గాలి ఒకే ద్వారం గుండా వస్తుంది, రెండో గదిలోకి సూదిబెజ్జాల గుండా మెల్లగా ఇంకుతుంది. ఆ సందేహానికి ఇది సగం జవాబు. మిగతా సగం థోరాన్ కాలిబ్రేషన్‌లో ఉంది. నిమిషంలో సగానికి పైగా చచ్చిపోయే వాయువును ఛాంబర్ అంతటా సమంగా పరచడం అంత తేలిక కాదు. ఈ మూల ఉన్నంత ఆ మూల ఉండదు. రాడాన్ గుణకాన్ని చూసినంత నమ్మకంగా థోరాన్ గుణకాన్ని చూడలేను.

మన ఇళ్లు కిటికీలు తెరిచి ఉండే ఇళ్లు కాబట్టి రాడాన్ మామూలుగా తక్కువే. అంటే మనకు పాసంగం సమస్య పెన్సిల్వేనియా వాళ్లకన్నా ఎక్కువ.

కొలత తప్పు ఆరోగ్యలెక్కలో ఎక్కడ తేలుతుందో చూపించినది 2005లో సారా డార్బీ బృందం ప్రచురించిన ఐరోపా విశ్లేషణ. తొమ్మిది దేశాలు, 13 అధ్యయనాలు, 7,148 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు. కొలిచిన అంకెల్ని ఉన్నవున్నట్టు తీసుకుంటే ప్రతి 100 బెకరెల్‌లకు ముప్పు 8.4 శాతం పెరుగుతోంది. రాడాన్ స్థాయిలు ఏడాదికేడాది ఊగడాన్ని, కొలతలోని చెదురును లెక్కలోకి తీసుకుంటే అది 16 శాతం. చెదురు ముప్పును పలచన చేసి చూపించింది. కాలిబ్రేషన్ తప్పు ఇంతకన్నా మొండిది, ఎందుకంటే అది చెదరదు. పరికరాలన్నీ ఒకే రాయి నుంచి దిగి, అన్నీ ఇరవై శాతం ఎక్కువ చూపిస్తే గణాంకశాస్త్రంలో ఏ మంత్రమూ దాన్ని పట్టుకోదు. చెదురు లేదు కాబట్టి కొలతలన్నీ ఎంతో పొందికగా కూడా కనిపిస్తాయి. బయట మరో రాయితో తూచినప్పుడే బయటపడుతుంది. ఏటా బ్రిటన్‌లోనూ, బెర్లిన్‌లోని సమాఖ్య రేడియేషన్ రక్షణ సంస్థలోనూ వేర్వేరు దేశాల ప్రయోగశాలల ఫిల్ములను ఒకే ఛాంబర్‌లో పెట్టి జవాబులు పోల్చేది ఇందుకే.

అమెరికాలో పర్యావరణ పరిరక్షణ సంస్థ 1998 వరకు నడిపిన ప్రావీణ్య పరీక్షలో అసలు విలువకు 25 శాతం అటూ ఇటూ వస్తే పాస్. ఆ కొలబద్దతో చూస్తే అసలు 4 ఉన్నచోట 3 అన్నా 5 అన్నా పరికరం తప్పు చేయనట్టే. 3.9, 4.1 ల పేచీ ఎంత తేలికదో చూడండి. ఆ కార్యక్రమం నాటి నియమాల్లో బాగా పనికొచ్చినవి ఛాంబర్ ఖర్చు లేనివీ, ఉన్నా కొద్దిపాటివీ. వంద డబ్బాలకు పది జంటలుగా పక్కపక్కనే పెట్టాలి. ఐదు డబ్బాలు తెరవకుండానే అన్నిటితోపాటు ప్రయాణం చేయించి ప్రయోగశాలకు తిరిగి పంపాలి. మూడు డబ్బాలు ముందే తెలిసిన గాఢతలో పెట్టి, ఏదో ఇంటివన్నట్టు కలిపేసి పంపాలి. జంటలు చెదురును పట్టిస్తాయి, తెరవనివి పాసంగాన్ని, తెలిసినవి రాయిని. ఏడాదికోసారి వచ్చే సర్టిఫికెట్ కన్నా ఈ మూడింటినే నేను నమ్ముతాను, ముఖ్యంగా ప్రయోగశాలకు తెలియకుండా పంపే ఆ మూడు డబ్బాలను.

ఇప్పుడు ఇళ్లలో టేబుల్ మీద పెట్టుకునే చిన్న డిజిటల్ పరికరాలు వచ్చాయి. చాలావాటిలో గాలి గది చిన్నది, కౌంట్లు తక్కువ. గంటగంటకూ మారే అంకెను చూసి కిటికీ తెరిచి మూసే ఇల్లాలి కంగారు అర్థమవుతుంది గాని, ఆ మార్పులో సగానికి పైగా వర్గమూలపు ఊగిసలాటే కావచ్చు. నెల సగటు చూస్తే ఈ చెదురు పోతుంది. పాసంగం పోదు, అది రోజులు గడిచినకొద్దీ పెరుగుతుంది కూడా. రాడాన్ నశించగా నశించగా చివరికి పరికరం లోపలి గోడలమీద సీసం-210 పేరుకుంటుంది, దాని అర్ధాయువు 22 ఏళ్లు. దాన్నుంచి పుట్టే పొలోనియం-210 ఆల్ఫా కణాలను వదులుతూ ఉంటుంది. ఆల్ఫా శక్తిని చూసి వేరుచేసే పరికరం దాన్ని కొంత పక్కన పెట్టగలదు. 1957లో లూకాస్ తెచ్చిన జింక్ సల్ఫైడ్ సీసాల వంటి వాటికి ఆ విచక్షణ లేదు, తగిలిన ప్రతి ఆల్ఫాకూ మెరుస్తాయి. కాబట్టి ఎక్కువ గాఢత ఉన్న ఛాంబర్‌కు ఎక్కువసార్లు వెళ్లొచ్చిన సీసాకే పాసంగం ఎక్కువ. ఏటేటా శ్రద్ధగా సరిచూడటానికి పంపిన సీసా, ఆ శ్రద్ధ వల్లే, ఖాళీ గాలిలో కూడా మెరుస్తూ ఉంటుంది. ఆ మెరుపు సగమవ్వాలంటే 22 ఏళ్లు ఆగాలి.